సారూ, చేన్లో పెట్టె పడ్డది!

ఈ నెల ‘మీ సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే విషయం చుట్టూ తిరిగాయి. హన్మకొండలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మా సారు జవాబులివి.

ప్రశ్న: సారూ, తెల్లారి పోయి చూస్తే మా పత్తి చేన్లో పెద్ద రంగుల గొడుగులాంటిది, దానికి తాళ్లతో కట్టిన పెట్టె పడి ఉన్నాయి. కొంత దూరంలో కాలువ గట్టు మీద పల్చటి ప్లాస్టిక్ కుప్పగా పడి ఉంది. డ్రోన్ అని ఒకరు, బాంబు అని ఒకరు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు. అసలదేంటి? విప్పి చూస్తే ఏమయ్యేది? ఆ ప్లాస్టిక్ వడ్ల మీద కప్పుకోవడానికి పనికొస్తుందా? - ఒక రైతు, కమలాపూర్ మండలం

జవాబు: విప్పకుండా పోలీసులకు చెప్పారు చూడండి, అది మంచి పని. మీరు రాసిన ఆనవాళ్లను బట్టి చూస్తే అది పరిశోధన బెలూన్ తీసుకెళ్లిన పెట్టె. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉంది. టాటా అనగానే లారీల కంపెనీ అనుకునేరు, ఇది హోమీ భాభా పెట్టిన పరిశోధన సంస్థ. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను పట్టుకోవడానికి బెలూన్లు ఎగరేయడం ఆయన హయాంలోనే మొదలైంది.

ఈ బెలూన్లు హైడ్రోజన్‌తో లేస్తాయి. నేల మీద వదిలేటప్పుడు పైన చిన్న బుడగ మాత్రమే కనిపిస్తుంది, మిగతాదంతా తోకలా వేలాడుతుంటుంది. అదేం పిసినారితనం కాదు. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో నూరో వంతుకు పడిపోతుంది కాబట్టి లోపలి వాయువు అన్ని రెట్లూ ఉబ్బుతుంది. ఇక్కడే నిండా నింపితే పైకి పోకముందే పగిలిపోతుంది. పూర్తిగా ఉబ్బాక అడ్డం 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటుంది. పని అయిపోగానే కింది నుంచి రేడియో ద్వారా ఆదేశం ఇస్తారు. పెట్టె తెగి పారాచూట్‌తో దిగుతుంది, ప్లాస్టిక్ వేరుగా పడుతుంది. ఎక్కడ దిగాలన్నది చాలావరకు గాలి దయ. అందుకే ఎగరేసే సీజన్లో పేపర్లో వేసే ప్రకటనలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పేర్లు వస్తుంటాయి. మనం ఆ పేజీ తిప్పేసి సినిమా పేజీకి పోతాం.

ఆ ప్రకటనలోనే ఉంటుంది: పెట్టె మీద అడ్రసు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి, ముట్టుకోకుండా వాళ్లకో, పోలీస్ స్టేషన్‌కో, పోస్టాఫీసుకో చెప్పాలి. చెప్పినవాళ్లకు బహుమానం, ఫోన్ ఖర్చు ఇస్తారు. విప్పితే బహుమానం రాదు. కొన్ని పరికరాల్లో హై వోల్టేజి ఉంటుంది కాబట్టి షాక్ కొట్టినా కొట్టొచ్చు. మీరు విప్పలేదు కాబట్టి బహుమానం సంగతి స్టేషన్లో ధైర్యంగా అడగండి.

ఇక ప్లాస్టిక్ సంగతి. కిరాణా కొట్టు కవరు కన్నా పల్చన, ఒక్క గాలివానకు చిరుగుతుంది. వడ్ల మీదికి పరదాలే కొనుక్కోండి. చిన్న తెల్ల థర్మాకోల్ డబ్బా, దానికి చిరిగిన రబ్బరు ముక్క దొరికితే మాత్రం అది వేరే సంగతి. అది వాతావరణ శాఖది. తేమ, వేడి కొలవడానికి వాళ్లు రోజూ ఉదయం, సాయంత్రం ఎగరేస్తారు.

ప్రశ్న: ఇస్రో చంద్రుడి దాకా పోయింది కదా సార్, ఇంకా ఈ బెలూన్లు ఎందుకు? పాతకాలం పద్ధతి కాదా? - బీఎస్సీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: క్లాసులో బెలూన్ అనగానే నా దగ్గర చదివిన పిల్లలూ నవ్వేవాళ్లు. సరే, నువ్వు చెప్పు: 35 కిలోమీటర్ల ఎత్తులో నాలుగైదు గంటలు నిలబడి చూడాలంటే దేన్ని పంపుతావు? మనం ఎక్కే విమానం 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఉపగ్రహం అంత కిందికి దిగితే గాలి రాపిడికి కాలిపోతుంది. రాకెట్ నిమిషాల్లో దాటిపోతుంది. మిగిలింది బెలూనే.

చిక్కు ఎత్తు ఒక్కటే కాదు. కొత్త నక్షత్రాలు పుట్టే దుమ్ము మేఘాలు వెలువరించే పరారుణ కాంతిలో పొడవైన తరంగాలను మన గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. ఆ ఆవిరిని దాటి పైకి పోతేనే కనిపిస్తాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మీటరు అద్దమున్న టెలిస్కోపును బెలూన్‌కు తగిలించి ఆ మేఘాలను చూశారు. కాంతిని విడదీసి చూసే జపాన్ వాళ్ల స్పెక్ట్రోమీటర్‌ను దానికే కలిపి, కార్బన్ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ పరమాణువులు, 158 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇచ్చే వెలుగును కొలిచారు. ఉపగ్రహం మీదికి ఎక్కించే ముందు పరికరాన్ని పరీక్షించేదీ బెలూన్ మీదే. 2015 సెప్టెంబర్ 28న పోయిన మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో పెద్ద ఎక్స్-రే డిటెక్టర్లున్నాయి కదా, వాటి ముందుతరం వాటిని ఈ బెలూన్ల మీదే ఎగరేశారు. తేడా వస్తే పెట్టె తిరిగొస్తుంది, స్క్రూడ్రైవర్ పట్టుకుని బాగు చేయొచ్చు. ఉపగ్రహంలో ఆ వెసులుబాటేది?

చిన్న బెలూన్లతోనూ పెద్ద సంగతులే తేలాయి. వానాకాలంలో ఆసియా మీద 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య సన్నటి ధూళి పొర ఏర్పడుతుందని ఉపగ్రహమే చూపించింది. దాంట్లో ఏముందో ఉపగ్రహం చెప్పలేకపోయింది. నాసా, ఇస్రో కలిసి హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేసి నమూనాలు పడితే నైట్రేట్లు కనిపించాయి. పాత పద్ధతే బాబూ, కానీ సమాధానం దాంట్లోనే దొరికింది.

ప్రశ్న: హైదరాబాద్ బెలూన్‌కు అంతరిక్షంలో బ్యాక్టీరియా దొరికిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? - స్కూల్ టీచర్, మెట్‌పల్లి

జవాబు: సగం నిజం మేడం. 2005 ఏప్రిల్ 20న ఇస్రో 459 కిలోల సరుకుతో ఒక బెలూన్‌ను ఇక్కడి నుంచే ఎగరేసింది. గాలి లేకుండా చేసి, శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలను బాగా చల్లటి ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. బయటి గాలి ఆ చల్లదనానికి లోపలికి పోయి గడ్డకడుతుంది, అంటే గొట్టమే గాలిని పీల్చుకుంటుంది. అలా 20 నుంచి 41 కిలోమీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో నమూనాలు తీసి, పారాచూట్‌తో దించారు. వాటిని జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీలో, పుణే ఎన్‌సీసీఎస్‌లో పరీక్షించారు. 12 రకాల బ్యాక్టీరియా, 6 రకాల శిలీంధ్రాలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా అంతకుముందు ఎవరికీ తెలియనివని ఇస్రో 2009 మార్చిలో ప్రకటించింది. ఒకదానికి ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట పేరు పెట్టారు. మూడూ అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకునేవే.

వాట్సాప్ వాళ్లు సొంతంగా తగిలించింది ‘అంతరిక్షం’ అన్న మాట. అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని లెక్క, 41 ఇంకా మన గాలే. అవి వేరే లోకాల నుంచి వచ్చాయని దీంతో తేలలేదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. కింది నుంచి పైకి చేరినవీ కావచ్చు. నాకు ముచ్చటేసింది గ్రహాంతరం గొడవ కాదు, ఆ గొట్టాలకు వాళ్లు పడ్డ పాట్లు. ఊరి గాలి ఒక్క చుక్క లోపలికి పోయినా మొత్తం లెక్క తప్పేది. కమలాపూర్ రైతు అడిగిన ‘విప్పి చూస్తే ఏమయ్యేది’ అన్న దానికి అసలు జవాబు ఇదే.

ప్రశ్న: మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ, చిన్నబ్బాయి ఐటీఐ ఫిట్టర్. ఇలాంటి చోట్ల ఉద్యోగాలు మనలాంటివాళ్లకు వస్తాయా? - ఒక తల్లి, భూపాలపల్లి

జవాబు: ఎందుకు రావమ్మా? అమ్మాయి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాస్తే తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ వాళ్ల కాలేజీ ఐఐఎస్‌టీకి దారి ఉంటుంది. డిగ్రీ అయ్యాక పరిశోధన మీద మనసు పోతే టాటా ఇన్‌స్టిట్యూట్ దారీ ఉంటుంది. ఐటీఐ చదివినవాళ్లను ఇస్రో టెక్నీషియన్లుగా తీసుకుంటుంది, నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే పడతాయి. మధ్యలో ఎవడైనా వచ్చి రెండు లక్షలిస్తే లోపల పెట్టిస్తానంటే వాడికి చాయ్ కూడా పోయకండి.