తాకితే తలస్నానం చేయాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది బొబ్బిలి. పెన్సిల్వేనియాలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ఇంటి వెనుక చెట్లలో పుచ్చిపోయిన దుంగను మా మనవడు దొర్లిస్తే, కింద వేలెడంత బల్లి లాంటిది కనిపించింది. నల్లటి ఒళ్లు, వీపున ఇటుక రంగు చార. చిన్న గుత్తిగా ఉన్న గుడ్లను చుట్టుకుని పడుకుంది. వాడు తోక పట్టుకుంటే అది ఊడి చేతిలోకి వచ్చింది. ఇది విషపురుగా? బల్లి మీద పడినట్టే తలస్నానం చేయించాలా? మన వైపు ఉంటుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా, చేతులు కడిగిస్తే చాలు. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు రాసినవారు దీన్ని చూసి ఉండరు. అసలు అది బల్లే కాదు. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఎర్రవీపు సాలమాండర్, కప్పకు చుట్టం. బల్లికి పొలుసులు, గోళ్లు ఉంటాయి, దీనికి రెండూ ఉండవు. ముందు కాళ్లకు నాలుగేసి, వెనుక కాళ్లకు ఐదేసి వేళ్లు. మనిషికి హాని చేయదు. మనమే దానికి చేస్తాం.

ఎందుకంటే దానికి ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తుంది. చర్మం తడిగా ఉంటేనే ఆ పని సాగుతుంది. ఆరిపోతే ఊపిరాడక చస్తుంది. నేను శ్రీకాకుళంలో జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో ప్రయోగశాలకు కప్పలను గోనెసంచిలో తెచ్చేవారు. సంచి తడి ఆరితే తెచ్చినవాడికి నా చేతిలో అక్షింతలే. కప్పకైతే ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి. దీనికి చర్మమే దిక్కు. అందుకే పగలంతా దుంగల కింద, రాలిన ఆకుల కింద దాక్కుని, తడి రాత్రుల్లో బయటికి వచ్చి చీమలను, చిన్న పురుగులను తింటుంది.

తోక గురించి బెంగ వద్దు. శత్రువుకు తోక వదిలేసి ప్రాణం దక్కించుకోవడం దాని ఎత్తు. బల్లికి మళ్లీ మొలిచే తోకలో వెన్నుపూసలు ఉండవు; సాలమాండర్ ఎముకలతో సహా పెంచుకుంటుంది. అయితే కొవ్వు దాచుకునేది ఆ తోకలోనే. అంటే మీవాడు దాని గాదె కొల్లగొట్టాడన్నమాట!

మీరు చూసింది తల్లి. గుడ్లను దుంగ లోపలి బొరియ కప్పుకు వేలాడదీసి, ఎండకుండా, బూజు పట్టకుండా, మరొకరు తినకుండా వారాల తరబడి కాపలా కాస్తుంది. పిల్లలకు మన కప్పపిల్లల్లా చెరువులో ఈదే దశ లేదు. గుడ్డులోంచి కాళ్లతోనే, తల్లి రూపంలోనే బయటికి వస్తాయి. నాకు ఈ జీవిలో అన్నింటికంటే నచ్చేది ఇదే.

చిన్న ప్రాణి అని తీసిపారేయకండి. 1975లో న్యూహాంప్‌షైర్‌లోని ఒక అడవిలో లెక్క కడితే, సాలమాండర్లన్నింటి బరువు, పక్షులు బాగా ఉండే గూళ్ల కాలంలోని వాటి మొత్తం బరువుకు దాదాపు రెట్టింపు తేలింది. అందులో ఎక్కువ వాటా ఈ ఎర్రవీపుదే.

మన వైపు సాలమాండర్లు లేవు. దేశంలో చూడాలంటే డార్జిలింగ్ కొండలకు వెళ్లాలి. కానీ మన తూర్పు కనుమల్లో దానికి కాళ్లు లేని బంధువులు ఉన్నాయి: సిసీలియన్లు. చూస్తే వానపామే అనుకుంటారు. అక్కడి కొత్త జాతి ఒకదాన్ని శాస్త్రవేత్తలు 2013లో వర్ణించారు. బొబ్బిలి తిరిగొచ్చాక కొండల వైపు వెళితే, తడి మట్టిలో మెరిసే ‘వానపాము’ను ఒకసారి వంగి చూడండి. దాని నోటికి దవడలు ఉంటే అది వానపాము కాదు.

దుంగను మీ మనవడు మళ్లీ యథాస్థానంలో పెట్టాడో లేదో మాత్రం రాయలేదు.