నిన్న పెట్టిన ప్రోగ్రామ్ ఇవాళ మాయం

ప్రశ్న: పనులను ‘క్యూబులు’ అనే విడివిడి వర్చువల్ కంప్యూటర్లలో నడిపే క్యూబ్స్ ఓఎస్‌లో ‘వర్క్’ అనే క్యూబ్ తెరిచి, పీడీఎఫ్ ఎడిటర్ ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. చక్కగా పనిచేసింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఎడిటర్ లేదు. దానితో దిద్దిన ఫైళ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. డిస్కు పాడైందంటారా?

జవాబు: డిస్కు నిక్షేపంగా ఉందండీ. ‘వర్క్’కు సొంత ఆస్తి అంటూ ఉన్నది ముఖ్యంగా హోమ్ డైరెక్టరీయే, అంటే మీ ఫైళ్లుండే ఫోల్డరే. మిగతా సిస్టమ్ అంతా టెంప్లేట్ (క్యూబులకు సిస్టమ్‌ను అందించే మూల క్యూబ్) నుంచి తెచ్చుకున్న అరువు సొమ్ము. క్యూబ్ ఆగగానే అక్కడ మీరు చేసిన మార్పులు చెరిగిపోతాయి. సిస్టమ్ ఫైళ్లలో చొరబడ్డ వైరస్‌కూ అదే గతి. (హోమ్‌లో దాక్కున్నది మాత్రం కదలదు. అంతగా మురిసిపోకండి.)

ఎడిటర్‌ను టెంప్లేట్‌లోనే ఇన్‌స్టాల్ చేయాలి. మీ టెంప్లేట్ ఏదో ‘వర్క్’ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. అది ఫెడోరా లినక్స్ అయితే దాని టెర్మినల్‌లో ‘డీఎన్ఎఫ్’ కమాండ్, డెబియన్ లినక్స్ అయితే ‘ఆప్ట్’ వాడండి. అవగానే ముందు టెంప్లేట్‌ను ఆపండి. ఆ తర్వాతే ‘వర్క్’ను ఆపి, మళ్లీ తెరవండి. చాలామంది ఈ వరస తప్పి, ‘అయినా రాలేదు’ అని మళ్లీ ఉత్తరం రాస్తారు. మెనూలో పేరు కనిపించకపోతే ‘వర్క్’ సెట్టింగ్స్‌లోని అప్లికేషన్ల జాబితాలో దాన్ని చేర్చండి.

ఇంకొకటి. టెంప్లేట్‌లో బ్రౌజర్ తెరిస్తే ఏ పేజీ రాదు. ప్యాకేజీలు (ప్రోగ్రామ్ ఫైళ్లు) మాత్రం అప్‌డేట్ ప్రాక్సీ అనే మధ్యవర్తి ద్వారా వస్తాయి. నెట్ రావడం లేదని విసుగెత్తి దానికి, క్యూబులకు నెట్ అందించే ‘సిస్-ఫైర్‌వాల్’ క్యూబ్‌ను తగిలించకండి. టెంప్లేట్ చెడితే దానిపై ఆధారపడ్డ క్యూబులన్నీ చెడతాయి.