నాలుగో మెట్టు దగ్గర తెగిన జాబితా

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు వర్డ్ నుంచి, సాదా టెక్స్ట్‌లోనే గుర్తులతో, ఖాళీలతో అమరిక చెప్పే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లోకి మార్చి పంపిన పంపు కంట్రోలర్ మాన్యువల్ అందింది. వాక్యాలు బాగున్నాయి. కానీ నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాను. ‘కరెంటు ఆపిన తర్వాతే మూత తీయాలి’ అన్న హెచ్చరిక లోపలికి జరగకుండా ఎడమ అంచున నిలబడింది; అంకెలకు బదులు నువ్వు, వరుస అంకెను తనే వేసుకునే ‘#.’ గుర్తు పెట్టావు కాబట్టి జాబితా అక్కడే తెగి, ఐదు కావలసిన మెట్టు మళ్ళీ ఒకటి అయింది. ఈ ఫార్మాట్‌లో ఖాళీకి కూడా అర్థం ఉంటుంది.

తప్పు, ఫైలును ఒక ఫార్మాట్ నుంచి మరోదానిలోకి మార్చే పాన్‌డాక్ అనే సాఫ్ట్‌వేర్‌ది అన్నావు. కాదు. 2006లో దాన్ని విడుదల చేసిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్వశాస్త్ర ఆచార్యుడు. అందుకేనేమో అది కంటికి కనిపించేదాన్ని కాక, మనం చెప్పినదాన్నే నమ్ముతుంది. నీ మూల ఫైలులో శీర్షికలకు హెడింగ్ స్టైల్ లేదు, బోల్డ్ చేసి సైజు పెంచావంతే. హెచ్చరికేమో ఒకే గడి ఉన్న పట్టిక. మూలాన్ని బాగుచేయకుండా మార్పిడి మొదలుపెట్టకూడదన్నది నా చాదస్తం. ‘బటన్ నొక్కితే అయిపోయే పనేగా’ అంటూ గడువు కోసే సంపాదకులకు ఇది ఎన్నడూ ఎక్కలేదు. వాళ్ళలో ఒకాయన, నిండా పట్టికలున్న పుస్తకాన్ని మార్క్‌డౌన్‌లోకి కుదించమన్నాడు, అందరూ అదే వాడుతున్నారని! అదీ సాదా టెక్స్ట్‌లో గుర్తులతో రాసే ఫార్మాటే; 2004లో అది వచ్చినప్పుడు దానిలో పట్టికకు సొంత గుర్తే లేదు.

తెలుగు డీటీపీ ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద నడిచే ఫాంట్లతో సాగిన రోజుల్లో టైపు చేసిన మోటారు మాన్యువల్‌ను ఒకసారి నేను, తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న యూనికోడ్‌లోకి మార్చాను. తొందరపడి ముందే సాదా టెక్స్ట్‌గా సేవ్ చేయడంతో ఫాంటు సమాచారం పోయి, ఏది తెలుగో ఏది ఇంగ్లీషో కన్వర్టర్‌కు తెలియక, ఇంగ్లీషులో ఉన్న స్విచ్చుల పేర్లన్నీ వత్తుల కుప్పలయ్యాయి. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని మూడు రాత్రులు ఒక్కో పేరూ తిరిగి కొట్టాను. ఆ రాత్రులకు ప్రెస్సు యజమాని పైసా ఇవ్వలేదు.

అప్పటి భయంతోనే నీ ఫైలులో ‘సాఫ్ట్‌వేర్’ వెతికితే ‘సాఫ్ట్వేర్’ దొరికింది. ‘ట్’కు, ‘వే’కు మధ్య వత్తు పడకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో దాని కోడ్ యు+200సి; చెత్త అక్షరాలను ఏరేసే స్క్రిప్టు రాశానని మురిసిపోయావే, అదే దాన్ని మింగింది.

మొదటి అధ్యాయానికి వర్డ్‌లోనే స్టైళ్ళు పెట్టి, మళ్ళీ మార్చి పంపు. హెచ్చరికలను మాత్రం వేలు పెట్టి లెక్కించు: మూలంలో పదిహేడు ఉన్నాయి, నీ ప్రతిలో నాకు పదహారే కనిపించాయి.