చెత్త 'కాల్చరాదా', 'దహనం చేయరాదా'?

సందేహం: మా కాలనీ సంక్షేమ సంఘం వారు పార్కు గోడ మీద ఇలా రాయించారు: "ఇచ్చట బహిరంగ దహనం నిషేధించబడినది. అతిక్రమించిన వారికి రూ. 5,000 పర్యావరణ పరిహారం." దహనం అనేది శవాల విషయంలో వాడే మాట, ఇళ్ల మధ్య అశుభంగా ఉంది, 'తగలబెట్టరాదు' అని మార్చండి అని ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు. మా వీధిలో ఇంకొకరు వేకువజామునే ఎండుటాకులు ప్రహరీ లోపల పోగుచేసి కాలుస్తారు. అడిగితే "నేను బహిరంగంగా కాల్చడం లేదు కదా" అంటారు. ఈ బోర్డులో ఏ మాట ఒప్పు, ఏది తప్పు? అలాగే పత్రికలు ఢిల్లీ గురించి రాసేటప్పుడు 'పొగమంచు' అనడం సరైనదేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీ ఉత్తరంలో పెద్దాయన అభ్యంతరం కంటే, ప్రహరీ లోపల ఆకులు కాల్చే ఆయన జవాబే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆయన చేసే పని తప్పు. కానీ తెలుగు మాట అర్థం చేసుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. బోర్డు మీద ఉన్న మాటే ఆయనకు ఆ సందు ఇచ్చింది. కనుక ముందు 'బహిరంగ' సంగతి చూద్దాం.

సంస్కృతంలో ఈ మాటకు వెలుపలిది అని అర్థం, అంతరంగానికి ఎదురు. 'అసిద్ధం బహిరంగమంతరంగే' అనే వ్యాకరణ పరిభాషలో ఉన్నది ఆ అర్థమే. తెలుగులోకి వచ్చాక ఈ మాట వేరే దారి పట్టింది. బహిరంగ సభ, బహిరంగ లేఖ, బహిరంగ రహస్యం, బహిరంగ క్షమాపణ: వీటన్నిటిలో ఉన్నది నలుగురి ఎదుట, అందరికీ తెలిసేటట్లు అనే అర్థం. పైన ఆకాశం ఉందా, కప్పు ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. బహిరంగ విచారణ జరిగేది నాలుగు గోడల కోర్టు హాలులోనే. 'బహిరంగ మలవిసర్జన' అనే ప్రభుత్వ ప్రయోగం ఒకటి ఉంది. అక్కడ ఆరుబయట అనే అర్థం, నలుగురి కంటపడేటట్లు అనే అర్థం కలిసిపోయాయి కాబట్టి ఇబ్బంది రాలేదు. కాల్చడం విషయంలో ఆ రెండూ కలవవు. ప్రహరీ లోపల, ఎవరి కంటా పడకుండా కాల్చినవాడు బహిరంగంగా కాల్చినట్లు కాదు. కానీ పొగ మాత్రం గోడ దాటి పక్కింటి పసిపాప గదిలోకి పోతుంది.

మరి నియమం చెబుతున్నది ఏమిటి? బట్టీ, కొలిమి, పొగగొట్టం వంటి ఏర్పాటు ఏదీ లేకుండా, చెత్తను నేల మీద కుప్పపోసి కాల్చడం కూడదని. తేడా కాల్చే పద్ధతిలో ఉంది, చూసే జనంలో లేదు. ఆసుపత్రి వ్యర్థాలను కూడా కాలుస్తారు. అయితే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం, ఆ కొలిమిలో పొగను మళ్లీ కాల్చే రెండో గదిలో వేడి 1,050 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉండాలి, పొగగొట్టం ఎత్తు కనీసం 30 మీటర్లు ఉండాలి. మన పెరట్లో ఆకుల కుప్పకు అంత వేడి ఎక్కడిది? వేకువ మంచుకు తడిసిన ఆకులు భగ్గున మండవు, కుములుతాయి. మంట పైకి రాకుండా లోలోపల కాలడాన్ని కుమలడం అంటాం. మనిషి దుఃఖంతో కుమిలిపోవడం కూడా ఈ మాటే. మండేదాని కంటే కుమిలేదే ఎక్కువ పొగ విడుస్తుంది. పైగా చలికాలపు వేకువలో గాలి కదలక ఆ పొగ నేలను పట్టుకుని నిలిచిపోతుంది.

మీ పొరుగాయనకు న్యాయంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోని వాక్యం కూడా కొంత సందు ఇచ్చేటట్లే ఉండేది. తన ఆవరణ వెలుపలి వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలువల్లో, జలాశయాల్లో చెత్త పారవేయడం, కాల్చడం, పూడ్చడం కూడదని అది చెప్పింది. 'ఆవరణ వెలుపల' అన్నారు కాబట్టి లోపల ఫరవాలేదు అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదానికి చోటు లేకుండా చేసింది 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వు. పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన కేసులో వచ్చిన ఆ ఉత్తర్వు, డంపింగ్ యార్డులతో సహా నేల మీద ఎక్కడా చెత్తను ఆరుబయట కాల్చకూడదని దేశమంతటికీ నిషేధం విధించింది. మామూలుగా కాల్చినందుకు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినందుకు 25,000 రూపాయలు చెల్లించాలని చెప్పింది. మీ బోర్డులోని అంకె ఇక్కడినుంచి వచ్చిందే.

ఇంత మంచి నిషేధానికి తగిన మాట మన దగ్గర లేక 'బహిరంగ' తెచ్చుకోలేదు. 'ఆరుబయట' ఉండనే ఉంది. వేసవి రాత్రి ఆరుబయట పడుకుంటాం, వెన్నెల్లో ఆరుబయట కూర్చుని అన్నాలు తింటాం. ఆ చోటు సొంత పెరడు కావచ్చు, వాకిలి కావచ్చు, డాబా కావచ్చు. పైన కప్పు లేకపోతే చాలు, అది ఆరుబయలే. "నేను ఆరుబయట కాల్చడం లేదు" అని మీ పొరుగాయన అనలేరు.

ఇక 'దహనం'. పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఈ మాటకు మూలంలో శవంతో పని లేదు. అగ్నికి దహనుడని పేరు. ఖాండవదహనం, లంకాదహనం, కామదహనం మనకు తెలిసినవే, దిష్టిబొమ్మల దహనం పత్రికల్లో తరచుగా చూసేదే. అయినా ఏ విశేషణమూ లేకుండా దహనం అని ఒంటరిగా వినబడితే, తెలుగువాడి మనసు శ్మశానం వైపే పోతుంది. ఇళ్ల మధ్య గోడ మీద ఆ మాట చూసి పెద్దాయన నొచ్చుకోవడం సహజం. అశుభమన్న సంగతి అలా ఉంచి, నా అభ్యంతరం వేరే. చెత్త కాల్చే మనిషి తాను దహనం చేస్తున్నానని ఎన్నడూ అనుకోడు. తన పనికి తాను పెట్టుకోని పేరుతో నిషేధం రాస్తే, అది తనను ఉద్దేశించిందని అతనికి తట్టదు.

ఈ కారణంతోనే పెద్దాయన సూచించిన 'తగలబెట్టరాదు' కూడా ఇక్కడ కుదరదు. నిప్పుకు సంబంధించిన మన క్రియల్లో ఒక చక్కని సంగతి ఉంది. తగులు, అంటు, ముట్టు అనే మూడూ తాకడాన్ని చెప్పే ధాతువులే. వాటినుంచే తగలబెట్టు, అంటించు, ముట్టించు వచ్చాయి. నిప్పును తాకించడమే మూడింటిలోనూ ఉన్న పని, కానీ వాడుక ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఇచ్చింది. పొయ్యి ముట్టిస్తాం, అగరువత్తి అంటిస్తాం, తగలబెట్టేది మాత్రం పగవాడి గడ్డివాము. తగలబెట్టడంలో నాశనం చేయాలన్న కసి ఉంటుంది. ఆస్తి తగలేశాడు అన్నప్పుడు వినిపించేదీ ఆ నాశనమే. ఆకులు కాల్చే ఆయన దృష్టిలో తాను వాకిలి శుభ్రం చేస్తున్నాడు. 'తగలబెట్టరాదు' అని రాస్తే అది ఎవరో దుండగులకు రాసిన బోర్డని ఆయన దాటిపోతాడు.

ఒప్పయిన మాట 'కాల్చు'. రాలు–రాల్చు, కూలు–కూల్చు, మారు–మార్చు లాగానే కాలు–కాల్చు. దీనికి అర్థాలు చాలా ఉన్నాయన్నది నిజమే. చుట్ట కాలుస్తారు, మొక్కజొన్న పొత్తు కాలుస్తారు, ఇటుకలు కాలుస్తారు, టపాకాయలు కాలుస్తారు, తుపాకీతో కాలుస్తారు. కానీ ఆ సందిగ్ధాన్ని కర్మపదం తీర్చేస్తుంది. 'చెత్త కాల్చరాదు' అన్నాక చుట్ట గుర్తుకు రాదు.

'నిషేధించబడినది' అనే కర్మణి ప్రయోగం గురించి ఎక్కువ చెప్పను. వ్యాకరణం దాన్ని తప్పనదు, తెలుగు నోరు దాన్ని ఒప్పుకోదు. తుమర్థక క్రియకు, అంటే 'త్రాగ', 'కాల్చ' వంటి రూపానికి, 'రాదు' చేర్చే పద్ధతి మనకు ఉంది. బస్సుల్లో, సినిమాహాళ్లలో 'పొగ త్రాగరాదు' అన్న బోర్డు చదవని తెలుగువాడు ఉండడు. అందులో కర్త లేడు. అందుకే అది అందరికీ వర్తిస్తుంది. 'కాల్చవద్దు' అంటే బతిమాలినట్లు, 'కాల్చకూడదు' అంటే మంచిచెడ్డలు చెప్పినట్లు ఉంటుంది. నియమానికి 'రాదు' తగినది.

'పర్యావరణ పరిహారం' అన్నది నన్ను నిజంగా కలవరపెట్టింది. చట్టం దృష్టిలో ఇది శిక్షగా వేసే జరిమానా కాదు, పర్యావరణానికి చేసిన నష్టానికి కట్టే మూల్యం. ఆ తేడా చూపించడానికి ఎవరో శ్రద్ధగానే పరిహారం అని అనువదించారు. కానీ తెలుగు వాడుకలో పరిహారం నష్టపోయినవాడికి అందేది: తుపాను బాధితులకు పరిహారం, భూమి కోల్పోయిన రైతుకు పరిహారం. పైగా మీ బోర్డులో 'అతిక్రమించిన వారికి' అని 'కి' విభక్తి వేశారు! ఉన్నది ఉన్నట్లు చదివితే, కాల్చినవాడికే 5,000 ఇస్తామన్నట్లు ఉంది. 'కాల్చినవారు రూ. 5,000 చెల్లించాలి' అంటే ఏ చిక్కూ లేదు.

అన్నిటికంటే కష్టమైనది 'చెత్త' అన్న మాట. ప్లాస్టిక్ సంచి చెత్త అని అందరూ ఒప్పుకుంటారు. వేపచెట్టు రాల్చిన ఆకు చెత్తా? చాలామంది కాదంటారు, చెట్టునుంచి వచ్చింది కదా అంటారు. నియమాలు మాత్రం తోటల వ్యర్థాలను కూడా ఘన వ్యర్థాల్లో చేర్చాయి. వాటిని సొంత ఆవరణలో విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్లు తొలగించాలన్నాయి. కాబట్టి బోర్డు మీద 'రాలిన ఆకులు' అని పేరు పెట్టి రాయక తప్పదు. పొలాల దగ్గర కూడా ఇదే ఇబ్బంది. వ్యవసాయ శాఖ ప్రకటనల్లో 'పంట వ్యర్థాల దహనం' అని కనబడుతుంది. గడ్డివాము వేసుకునే రైతుకు వరిగడ్డి వ్యర్థం ఎలా అవుతుంది? కోత యంత్రం వచ్చాక గడ్డి మడంతా చెల్లాచెదురుగా పడి, కొయ్యకాళ్లు ఎత్తుగా నిలబడిపోతున్నాయి. తర్వాతి పంటకు వ్యవధి లేక, కూలి గిట్టక రైతు నిప్పు పెడుతున్నాడు. ఆయన వాడే మాట 'నిప్పు పెట్టడం', ఆయన కాల్చేది 'కొయ్యకాళ్లు'. ప్రాంతాన్నిబట్టి 'దుబ్బులు' అనో 'మోళ్లు' అనో కూడా అంటారు. 'వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టరాదు' అంటే ఊళ్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు.

'మంటలు వేయరాదు' అని రాస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. మన భాషలో నిప్పుకు అది వేసే ప్రయోజనాన్నిబట్టి పేర్లున్నాయి. చలి కాచుకోవడానికీ, చేను దగ్గర అడవి జంతువులు రాకుండానూ వేసేది నెగడు. సంక్రాంతి ముందు రోజు తెల్లవారుజామున వేసేది భోగిమంట. గదిలో పెట్టుకునేది కుంపటి. అడవిలో చెలరేగేది కార్చిచ్చు. 'మంటలు' అని గంపగుత్తగా నిషేధిస్తే రాత్రి కాపలా మనిషి నెగడు కూడా అందులో పడుతుంది. 1981 వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్ ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంది. వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతాల్లో, ఇంధనం కాని పదార్థాలను కాల్చడాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చునని చెబుతుంది. చూడవలసింది కాలేది ఏమిటని. పిడకలతో, ఎండు కట్టెలతో వేసిన భోగిమంట వేరు, అందులో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు పడేయడం వేరు. ఆ రెండోదానికి భోగిమంట అనే పేరు ఇవ్వడానికి నా మనసు ఒప్పదు.

మీ సంఘం వారు బోర్డు తిరగ రాయించదలిస్తే ఇలా రాయించవచ్చు: "చెత్త, రాలిన ఆకులు, ప్లాస్టిక్, టైర్లు ఆరుబయట కాల్చరాదు. సొంత ఆవరణలో కూడా కాల్చరాదు. కాల్చినవారు రూ. 5,000 చెల్లించాలి." రెండో వాక్యం అధికమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ వీధికి కావలసింది ఆ వాక్యమే.

చివరగా 'పొగమంచు'. తెలుగులో ఇది పొగ వంటి మంచు, ఉపమాన పూర్వపద కర్మధారయం. ఇందులో పొగ పోలిక కోసమే వచ్చింది, వస్తువు మంచే. లంబసింగిలో కమ్ముకునేది అదే, దాన్ని చూడడానికి జనం దూరప్రాంతాలనుంచి వస్తారు. నవంబరులో ఢిల్లీని కప్పేది అది కాదు. అక్కడ పొగా మంచూ రెండూ నిజంగా ఉంటాయి, అంటే ద్వంద్వ సమాసం కావలసిన చోటు. అదే మాట రెండింటికీ వాడితే చదివేవాడికి విషం కనబడదు, వాతావరణం మాత్రమే కనబడుతుంది. నేనైతే 'కాలుష్యపు పొగ' అని రాస్తాను, మంచు కూడా ఉందని చెప్పవలసి వస్తే 'పొగా మంచూ కలిసి కమ్ముకున్నాయి' అంటాను. శీర్షికలో రెండు అక్షరాలు పెరుగుతాయి, పెరగనివ్వండి.