బెల్ట్ టెన్షనర్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కీచుమంటోందని, ఇంజిన్ బయట ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం), ఏసీలను తిప్పే బెల్ట్ కొత్తది వేయించినా ఆ శబ్దం మళ్లీ మొదలైందని, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ అరిగిందంటున్నారు కాబట్టి దానిని ఇంట్లోనే మార్చుకోవచ్చా అని మీరు అడిగారు. మార్చుకోవచ్చు. నా కారుకు నేనే మార్చుకున్నాను. అయితే ఇందులో బోల్టు విప్పి బిగించడం చిన్న పని. తప్పు నిజంగా టెన్షనర్‌దేనా అని తేల్చుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి.

టెన్షనర్ చేయిలో (బెల్ట్‌ను నొక్కిపట్టే, కదిలే భాగం) ఒక బలమైన స్ప్రింగ్‌తో పాటు, ఊగిసలాటను అణచే రాపిడి భాగం కూడా ఉంటుంది. సిలిండర్లలో ఇంధనం మండిన ప్రతిసారీ, బెల్ట్‌ను తిప్పే క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వేగం కాస్త పెరిగి తగ్గుతుంది, కానీ ఆల్టర్నేటర్‌లోని బరువైన రోటర్ (తిరిగే భాగం) అంత త్వరగా వేగం మార్చుకోలేదు. ఆ తేడా వల్ల కలిగే కుదుపులన్నీ టెన్షనర్ చేయి మీదే పడతాయి. రాపిడి భాగం అరిగిపోతే, స్ప్రింగ్ బాగానే ఉన్నా చేయి వణుకుతూ ఉంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా ఉంచి, టార్చి వెలుగులో గమనించండి. టెన్షనర్ చేయి కొద్దిగా కదలడం సహజమే. నా కారులో ఏసీ కంప్రెసర్ పని మొదలుపెట్టినప్పుడల్లా చేయి స్పష్టంగా ఎగిరిపడేది. బెల్ట్ ఒక అంచున దారాలు లేచాయి, చేయి తిరిగే ఇరుసు దగ్గర తుప్పు రంగు పొడి పేరుకుంది. ఈ మూడూ కలిసి కనిపించాయి కాబట్టే నాకు సందేహం మిగలలేదు.

శబ్దం మూలం తెలుసుకోవడానికి నీళ్లతో చేసే మంచి పరీక్ష ఒకటుంది. నడుస్తున్న బెల్ట్ గాళ్లున్న వైపు, దూరం నుంచి, కొద్దిగా నీళ్లు చిమ్మండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు (బెల్ట్ చుట్టుకుని తిరిగే చక్రాలు) ఒకే వరుసలో లేవని, శబ్దం పెరిగితే బిగువు చాలక బెల్ట్ జారుతోందని అర్థం. శబ్దం ఆపుతాయని అమ్మే స్ప్రేలను మాత్రం దయచేసి వాడకండి. అవి లోపాన్ని కప్పిపుచ్చి, బెల్ట్‌కు మురికిని అంటిస్తాయి. బెల్ట్‌పై పగుళ్లు లేవని నిశ్చింతగానూ ఉండకండి. పాత నియోప్రీన్ రబ్బరు బెల్ట్‌లు పగిలేవి. ఇప్పటి ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు పగలకుండానే గాళ్ల లోపల అరిగిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనిచ్చి, తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోటో తీసుకోండి. టెన్షనర్ చేయి మీద చదరపు రంధ్రం గానీ, ఆరు పలకల తల గానీ ఉంటుంది. దానికి పొడవైన పిడి ఉన్న పనిముట్టు తగిలించి, స్ప్రింగ్‌కు ఎదురుగా నెమ్మదిగా తిప్పి, సులువుగా అందే పుల్లీ నుంచి బెల్ట్ తప్పించి, చేయిని అంతే నెమ్మదిగా వదలాలి. చోటు చాలక నేను ముందు చక్రాన్నీ, దాని వెనుక ప్లాస్టిక్ తొడుగునూ తీయాల్సి వచ్చింది. అలా చేస్తే కారును జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపడం తప్పనిసరి.

బెల్ట్ ఊడిన ఈ సమయమే అన్నింటికన్నా విలువైనది. ప్రతి పుల్లీని చేత్తో తిప్పి చూడండి: గరగరలాడినా, పక్కలకు ఊగినా దాని బేరింగ్ పోయినట్టే. మీ ఆల్టర్నేటర్‌కు ఒకవైపే పట్టే పుల్లీ ఉంటే, అది ఒక దిశలో రోటర్‌ను తిప్పాలి, రెండో దిశలో విడిగా తిరగాలి. అది బిగుసుకుపోతే కుదుపులన్నీ నేరుగా టెన్షనర్‌కే చేరి, కొత్తది కూడా త్వరలోనే పాడవుతుంది. పైనుంచి ఆయిల్ గానీ కూలెంట్ గానీ కారుతుంటే ముందు దానిని ఆపించండి.

పాత టెన్షనర్‌ను విప్పాక దానిని విడదీసే ప్రయత్నం చేయవద్దు, లోపలి స్ప్రింగ్ గాయపరచగలదు. అది కూర్చునే చోటును శుభ్రంగా తుడవండి. చాలా టెన్షనర్ల వెనుక చిన్న పిన్ ఉంటుంది. అది ఇంజిన్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోకుండా బోల్టు బిగిస్తే టెన్షనర్ వంకరగా నిలిచి, బెల్ట్ అంచును కోసేస్తుంది. బోల్టు మరలను ముందు వేళ్లతోనే పట్టించి, తర్వాత టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పనిముట్టు) మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న కొలతకే బిగించండి, ఎందుకంటే అల్యూమినియం మరలు అతి బిగింపును తట్టుకోలేవు.

బెల్ట్ కూడా మారుస్తుంటే దాని మీది సంఖ్య చూడండి: 6పీకే1780 అంటే 6 గాళ్లు, 1780 మిల్లీమీటర్ల పొడవు. పొడవు సరిపోకపోతే టెన్షనర్ తన పరిధి చివరకు చేరి నిలిచిపోతుంది. ఎక్కించాక ప్రతి పుల్లీ దగ్గర వేలితో తడిమి, బెల్ట్ ఒక గాడి పక్కకు జరగలేదని నిర్ధారించుకోండి. అందని చోట చిన్న అద్దం వాడండి. రెంచ్‌తో క్రాంక్ షాఫ్ట్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పి, మళ్లీ చూసుకున్నాకే బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయాలి.

నేను చెప్పినదంతా బయటి బెల్ట్ టెన్షనర్ గురించే. టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లతో సమయం కలిపి నడిపే బెల్ట్) టెన్షనర్ పని వేరు, అందులో పొరపాటు జరిగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. మీ కారులో ఆల్టర్నేటరే ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ఏర్పాటు, దానికి రెండు చేతుల టెన్షనర్ ఉంటే, ఆ పనిని వర్క్‌షాప్‌కే అప్పగించడం మంచిది.