ప్రోగ్రామబుల్ బఫర్‌కి ఐబిస్ మోడల్ చేస్తున్న మా చిన్నోడికి

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వడిగింది రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. పిన్ ఒకటే బాబాయ్, దాని బఫర్‌కి, అంటే పిన్‌ని నడిపే సర్క్యూట్‌కి, డ్రైవ్ స్ట్రెంగ్త్‌లు (ఎంత కరెంట్ ఇవ్వాలనే సెట్టింగ్‌లు) 4, స్లూ (ఎడ్జ్ వేగం) 2, వోల్టేజీలు 3, ఐబిస్ ఫైల్లో (లోపలి సర్క్యూట్ చూపించకుండా పిన్ ప్రవర్తనని టేబుల్స్‌గా చెప్పే ఫైల్లో) ఏం పెట్టను అన్నావు కదా. ఆ సెట్టింగ్‌లు ఉండే రిజిస్టర్‌లో ఒక్క బిట్ మారితే దాన్ని ఇంకో బఫర్ అనే లెక్కెయ్యి. అంటే 24 మోడల్స్. ఒక్కోదానికి రైజింగ్ రెండు ఫాలింగ్ రెండు వేవ్‌ఫార్మ్‌లు, టిపికల్, మిన్, మాక్స్ మూడు కార్నర్లు (చిప్ మామూలుగా, నెమ్మదిగా, వేగంగా ఉండే పరిస్థితులు), మొత్తం 288 ట్రాన్సియెంట్ రన్స్, అంటే సమయంతో సిగ్నల్ ఎలా మారుతుందో చూసే సిమ్యులేషన్లు. భయపడకు, స్క్రిప్ట్ రాసి రాత్రి వదిలేస్తే అయిపోతాయి.

దీనికి దొంగదారి ఒకటుంది, కొత్తలో నేనూ తొక్కా. 8 మిల్లీఆంప్స్ డ్రైవ్ టేబుల్ తీసుకుని కరెంట్లన్నీ సగం చేసి 4 మిల్లీఆంప్స్ అని పేరు పెట్టెయ్యడం. ఐ-వి (కరెంట్-వోల్టేజి) కర్వ్ దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. ఆఫ్ చేసిన లెగ్స్ (బఫర్‌లో పక్కపక్కనే ఉండే ట్రాన్సిస్టర్ శాఖలు) పిన్‌కి కలిసే ప్యాడ్‌కి తగులుకునే ఉంటాయి, వాటి కెపాసిటెన్స్ ఎక్కడికీ పోదు, కాబట్టి ఎడ్జ్ ఎలా వస్తుందో ఆ సెట్టింగ్‌లో స్పైస్ (అసలు సర్క్యూట్‌ని లెక్కించే సిమ్యులేటర్) రన్ చేస్తేనే తెలుస్తుంది. పాత వేవ్‌ఫార్మ్‌లే ఉంచి ఐ-వి మాత్రం మార్చావనుకో, రెండిటి ఎండ్ పాయింట్లు కలవట్లేదని ఫైల్‌ని తనిఖీ చేసే ప్రోగ్రామ్ ఐబిస్‌చెక్ అరుస్తుంది, ఆ వార్నింగ్‌ని మాత్రం ఎప్పుడూ దాటేయకు.

అన్నీ అయ్యాక పిన్ లిస్టులో మోడల్ పేరు కాకుండా మోడల్ సెలెక్టర్ (వాడేవాడు మోడల్ ఎంచుకునే జాబితా) పేరు ఇవ్వాలి, 1993 నాటి మొదటి వెర్షన్‌లో ఇది లేదు, 3వ వెర్షన్ రోజుల్లో వచ్చింది. సెలెక్టర్‌లో మొదటి లైన్‌లో ఏ మోడల్ ఉంటే అదే డిఫాల్ట్. ఇది చాలామంది పట్టించుకోరు. ఒకసారి మేమిచ్చిన ఫైల్లో అన్నిటికన్నా వీక్ సెట్టింగ్ పైన ఉంది, చిప్ పవర్ అప్ అయ్యేదేమో స్ట్రాంగ్‌లో, కస్టమర్ టీమ్ డ్రాప్‌డౌన్ ముట్టుకోకుండా సిమ్యులేట్ చేసి అంతా బావుందనుకున్నారు, బోర్డు చేతికొచ్చాక చూస్తే క్లాక్ లైన్ మీద ఓవర్‌షూట్, అంటే వోల్టేజి ఉండాల్సిన దానికన్నా పైకి ఎగరడం. వాళ్ళ మూడు వారాలు పోయాయి, తప్పు మాది. అప్పట్నుంచి రీసెట్ తర్వాత ఉండే సెట్టింగే మొదటి లైన్‌లో పెడతాను, పక్కన డిస్క్రిప్షన్‌లో రిజిస్టర్ విలువ కూడా రాస్తాను. నువ్వూ అలాగే రాయి, ఎందుకంటే మోడల్ వాడేవాడికి నీ నెట్‌లిస్ట్ (లోపలి సర్క్యూట్ వివరం) కనపడదు, ఆ ఒక్క లైనే కనపడుతుంది.

డీడీఆర్ మెమరీ లాంటి క్యాలిబ్రేటెడ్ (తన ఇంపీడెన్స్‌ని తానే సరిచూసుకునే) బఫర్ అయితే ఇంకో సంగతి. డీడీఆర్4 మెమరీలో 34, 48 ఓమ్స్ అనేవి బయట పెట్టే 240 ఓమ్స్ రెసిస్టర్‌ని 7తో, 5తో భాగిస్తే వచ్చేవి. టిపికల్‌లో దొరికిన క్యాలిబ్రేషన్ కోడ్‌నే స్లో, ఫాస్ట్ కార్నర్లలో కూడా వాడితే నిజం చిప్‌లో ఎప్పుడూ రాని ఇంపీడెన్స్‌లు వస్తాయి, బోర్డు డిజైనర్ లేని సమస్య కోసం తల పట్టుకుంటాడు. ప్రతి కార్నర్‌లో కోడ్ మళ్ళీ వెతికి అప్పుడు స్వీప్ చెయ్యి.

ఓడీటీని (చిప్ లోపలే ఉండే టెర్మినేషన్ రెసిస్టర్‌ని) ఐ/ఓ మోడల్ క్లాంప్ టేబుల్స్‌లో (వోల్టేజి హద్దు దాటకుండా పట్టుకునే డయోడ్‌ల టేబుల్స్‌లో) కలిపెయ్యకు, క్లాంప్‌లు డ్రైవ్ చేసేటప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఒక్కో ఓడీటీ విలువకి విడిగా ఇన్‌పుట్ మోడల్ చేసి అదే సెలెక్టర్‌లో పెట్టు, నేనైతే అలాగే చేస్తా. పుల్‌అప్ (పిన్‌ని పైకి లాగే భాగం) టేబుల్ వోల్టేజి సప్లై నుంచి కిందకి కొలవాలని నీకు తెలుసు, అయినా ఇంకోసారి చూసుకో. పుల్‌అప్, పుల్‌డౌన్ కరెంట్లలోంచి క్లాంప్ కరెంట్ తీసెయ్యడం కూడా మర్చిపోకు, లేకపోతే సిమ్యులేటర్ రెండుసార్లు కలుపుతుంది.

24 ఒకేసారి మొదలెట్టకు. రీసెట్ సెట్టింగ్ ఒక్కటి పూర్తి చేసి, 50 ఓమ్స్ లోడ్ మీద, ఒక ట్రాన్స్‌మిషన్ లైన్ మీద స్పైస్‌తో పోల్చి ఆ ప్లాట్లు నాకు పంపు, ఆదివారం కలిసి చూద్దాం.

మీ బాబాయ్