కుట్టు–కొలత: నిలబడితే సరిపోయే రాంపర్ కూర్చుంటే ఎందుకు పట్టేస్తుంది?

ప్రశ్న: నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఇంట్లో వేసుకోవడానికి, సాయంత్రం మేడ మీద నడవడానికి వీలుగా ఉంటుందని పొడుగు చేతులు, వెనక టోపీ, ముందు జిప్, మోకాళ్ల పైదాకా నిక్కరు కలిపి కుట్టిన రాంపర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కంపెనీ పట్టికలో నా ఛాతీ కొలతకు ఎం సైజు అని ఉంది, అదే తీసుకున్నాను. అద్దం ముందు నిలబడితే వంక పెట్టడానికేమీ లేదు. కుర్చీలో కూర్చోగానే భుజాల మీద, తొడల మధ్య ఒకేసారి పట్టేస్తోంది. టోపీ తలకు వేసుకుంటే ఇంకా బిగుస్తోంది, వెనక్కి వదిలేస్తే మెడకు ముందువైపు ఒరుసుకుంటోంది. ఎల్ సైజుకు మార్చుకుంటే సరిపోతుందా? మా అత్తమ్మ మాత్రం “అంతా ఒక్కటే ఎందుకు బిడ్డా, మధ్యల కోసి రెండు చేయించుకో” అంటున్నారు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎల్ సైజుకు మార్చుకోవద్దని నా సలహా. మార్చుకున్నా ఇప్పుడున్న ఇబ్బంది కొద్దిగానే తగ్గుతుంది, దానికి తోడు కొత్తది ఒకటి వచ్చి చేరుతుంది. మీకు చాలనిది గుడ్డ వెడల్పు కాదు, నిడివి.

టీషర్టు, నిక్కరు విడివిడిగా వేసుకున్నప్పుడు మనం వంగితే టీషర్టు వీపు మీద పైకి జరుగుతుంది, నిక్కరు కాస్త కిందికి జారుతుంది, ఆ రెండింటి నడుమ ఏర్పడే ఖాళీయే ఒంటికి కావలసిన అదనపు నిడివిని ఇస్తుంది. రాంపర్‌లో ఆ రెండూ నడుము దగ్గర కలిపి కుట్టి ఉంటాయి కనుక భుజం మీద మొదలైన గుడ్డ ముందు నుంచి దిగి, కాళ్ల మధ్యగా వెనక్కి వెళ్లి, వీపు మీదుగా తిరిగి అదే భుజానికి చేరుతుంది. కూర్చున్నప్పుడు వీపు, పిరుదుల దగ్గర ఒంటి నిడివి పెరుగుతుంది, ముందు పొట్ట దగ్గర తగ్గుతుంది. ముందు మిగిలిన గుడ్డ వెనక్కి వెళ్తే గొడవే ఉండదు, కానీ కాళ్ల మధ్య కుట్టును దాటి అది అంత తేలికగా జరగదు. అందుకే మీ రాంపర్ ముందు ముడతలు పడుతూనే వెనక బిగుసుకుంటూ ఉంటుంది. కూర్చున్నప్పుడు ఒకసారి జిప్ వైపు చూసుకోండి: దాని పట్టీ సాగదు, మడతపడదు కనుక పొట్ట దగ్గర విల్లులా వంగి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ మిగిలిన గుడ్డే వెనక మీకు కావలసింది.

కంపెనీల పట్టికల్లో ఛాతీ, నడుము, తుంటి కొలతలుంటాయి గానీ ఈ చుట్టు కొలతను ఇచ్చేవి తక్కువ. దాన్ని ఇంట్లోనే తీసుకోవచ్చు. మెడ పక్కన భుజం మీద మొదలుపెట్టి, ఛాతీ మీదుగా కిందికి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి, వీపు మీదుగా మొదలుపెట్టిన చోటికి రావాలి. దర్జీల టేపు మామూలుగా 60 అంగుళాలే ఉంటుంది, మీలాంటి పొడగరులకు అది చాలకపోవచ్చు, కాబట్టి పెట్టికోటు నాడా ఒకటి చుట్టుకుని, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, ఆ నాడాను నేల మీద పరిచి కొలవండి. తరువాత రాంపర్‌ను మంచం మీద సాపుగా పరిచి, మెడ పక్క భుజం కుట్టు నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలిచి రెండూ కలపండి. వదులుగా వేసుకునే రాంపర్‌కు ఈ మొత్తం మీ ఒంటి కొలత కంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. స్పాండెక్స్ కలిసిన, లాగితే సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే అల్లిక గుడ్డయితే రెండంగుళాలు చాలు. ఒంటి కొలత, బట్ట కొలత సమానంగా వచ్చాయంటే నిలబడడానికి తప్ప ఆ బట్ట మరి దేనికీ పనికిరాదు.

ఇక ఎల్ సంగతి. ఒక సైజు నుంచి పై సైజుకు వెళ్లినప్పుడు ఛాతీ చుట్టుకొలత సాధారణంగా రెండంగుళాలో, ఆ పైనో పెరుగుతుంది, నిడివి మాత్రం ముందు అరంగుళం, వెనక అరంగుళం చొప్పునే పెరుగుతుంది. అంటే మీకు దక్కేది మొత్తం మీద ఒక్క అంగుళం. దానికి బదులుగా భుజం కుట్టు జబ్బ మీదికి జారుతుంది, చంక కిందికి దిగుతుంది. చంక దిగితే గుడ్డ వదులై చేతులు బాగా ఆడతాయని అనుకుంటారు గానీ జరిగేది వేరు. చంక ఒంటికి ఎంత దూరంగా ఉంటే చెయ్యెత్తినప్పుడు అది మొత్తం గుడ్డను అంతగా పైకి లాగుతుంది. సజ్జ మీది డబ్బా అందుకోవడానికి చెయ్యెత్తితే విడి చొక్కా అయితే నడుము కనిపించి ఊరుకుంటుంది, రాంపర్‌లో ఆ లాగుడు నేరుగా తొడల మధ్యకు చేరుతుంది.

టోపీది మరొక లెక్క. అది వెనక మెడ కుట్టుకు వేలాడుతుంది. రెండు పొరల మందపాటి గుడ్డతో కుట్టినదైతే దాని బరువుకు మెడ అంతా వెనక్కి జరిగి, ముందు అంచు గొంతు మీదికి ఎక్కుతుంది. మీరు చెబుతున్న ఒరుపు ఇదే. జిప్‌ను గొంతు కింద ఎముకల మధ్య ఉండే గుంట కంటే నాలుగు వేళ్ల కిందికి దించి ఉంచితే ఒరుపు పోతుంది, కానీ అప్పుడు మెడ ఇంకా వెనక్కి జారుతుంది కనుక టోపీ బరువైనప్పుడు దీనికి పూర్తి మందు లేదు. తలకు వేసుకున్నప్పుడు అసలు లోపం బయటపడుతుంది. తల వంచి ఫోన్ చూస్తే టోపీ తన నిడివి చాలక వెనక మెడ కుట్టును పైకి లాగుతుంది, ఆ లాగుడు వీపు మీదుగా దిగి కింద ఆగుతుంది. మామూలు హుడీలో ఇది ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాని కింది అంచు ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడున్నదాన్ని బాగుచేయించవచ్చా అంటే, నడుము దగ్గర కుట్టు ఉంటే చేయించవచ్చు. ఆ కుట్టు విప్పించి, రెండున్నర మూడంగుళాల వెడల్పున రిబ్ గుడ్డ పట్టీ వేయించండి. టీషర్టుల మెడలకు వేసే గుడ్డే అది. అదే రంగు దొరక్కపోతే ముదురు రంగు వేయించండి, కావాలని పెట్టినట్టే కనిపిస్తుంది. నడుము కుట్టు లేకుండా భుజం నుంచి కాలి దాకా ఒకే ముక్కగా కోసినదైతే, పైజామాలకు వేసినట్టు కాళ్ల మధ్య మియానీ, అంటే అదనపు గుడ్డ ముక్క, వేయించవచ్చు. దానివల్ల కాళ్లు బాగా ఆడతాయి, కూర్చుంటే కోత తగ్గుతుంది, కానీ భుజాల మీది పట్టు కొంతే తగ్గుతుంది. ఏది చేయించినా ఓవర్‌లాక్ మిషన్ ఉన్న చోట, అల్లిక గుడ్డలకు వాడే మొన గుండ్రని సూదితో కుట్టమని అడగండి. మామూలు మిషన్ మీద వేసిన తిన్నని కుట్టు గుడ్డతో పాటు సాగదు కనుక మీరు రెండోసారి కూర్చున్నప్పుడే పుటుక్కుమంటుంది. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఆల్టరేషన్ చేసే దుకాణాలకు కొదువ లేదు. బట్ట ఇచ్చే ముందు మిషన్ ఏదో చూసి ఇవ్వండి.

మీ అత్తమ్మ మాటను కొట్టిపారేయకండి. నడుము దగ్గర విడదీసి, పై భాగానికి రిబ్, కింది భాగానికి లాస్టిక్ వేయిస్తే మీకు ఒక హుడీ, ఒక నిక్కరు మిగులుతాయి. రాంపర్ అందం పోతుంది, బాధా పోతుంది. తిప్పి పంపే గడువు ఇంకా ఉంటే అన్నింటికంటే ముందు అది చేయండి. మళ్లీ కొనేటప్పుడు ఉత్పత్తి వివరాల్లో ‘టాల్’ అని ఉన్నవి వెతకండి, వాటిలో నిడివిని వేరుగా పెంచుతారు. వచ్చాక లేబుల్ తెంపకుండానే మూడు పనులు చేసి చూడండి: చాట ముందేసుకుని బియ్యం ఏరేటట్టు గొంతుకు కూర్చోవడం, రెండు చేతులూ తల మీదికి ఎత్తడం, టోపీ పెట్టుకుని గడ్డాన్ని ఛాతీకి ఆనించడం. ఈ మూడింటిలో మూడోదాన్ని ఎవరూ చేయరు, ఎక్కువ బట్టలు దాంట్లోనే తప్పుతాయి.

ప్రశ్న: మా దగ్గర ఎండలు ఎట్లుంటాయో మీకు తెలియనిది కాదు. టోపీ రాంపర్‌లో ఫ్రెంచ్ టెర్రీ మంచిదా, ఫ్లీస్ మంచిదా? పోయిన చలికాలంలో కొన్న కాటన్ రాంపర్ నాలుగు ఉతుకులకే పొట్టిదైంది. కారణమేమిటి?
— ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: రెండూ అల్లిక గుడ్డలే. ఫ్రెంచ్ టెర్రీకి లోపలివైపు దారపు ఉంగరాలు అలాగే ఉంటాయి, ఫ్లీస్‌లో వాటిని గీకి నూగులా లేపుతారు. ఆ నూగు గాలిని పట్టి ఉంచుతుంది కనుక వెచ్చగా ఉంటుంది. రామగుండం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే చోట ఫ్లీస్‌ను డిసెంబరు, జనవరి నెలలకే ఉంచుకోండి, అప్పుడు కూడా తెల్లవారుజామున, రాత్రి మాత్రమే దానితో పని. ఫ్రెంచ్ టెర్రీ అయినా 280 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైబడితే మార్చి దాటాక వేసుకోలేరు. ఎండాకాలానికి 160–180 జీఎస్ఎం సింగిల్ జెర్సీ, అంటే మామూలు టీషర్టు గుడ్డ, టోపీ ఒకే పొరతో ఉన్నది తీసుకోండి. రెండు ముక్కల బట్టలో నడుము దగ్గర గాలి ఆడుతుంది, రాంపర్‌లో ఆ దారి మూసుకుపోతుంది. అందువల్ల ఒకే గుడ్డ హుడీగా ఉన్నప్పటి కంటే రాంపర్‌గా ఉన్నప్పుడు ఎక్కువ ఉక్కపోస్తుంది.

పొట్టిదవడానికి కారణం అల్లిక తయారీలోనే ఉంది. మిల్లులో ఆ గుడ్డను నిలువుగా లాగిపెట్టి ఆరబెడతారు, ఇంట్లో నీళ్లు తగలగానే అది తన సహజ స్థితికి తిరిగి వస్తుంది. కాటన్ అల్లికలో నూటికి అయిదు వంతులు కుదించుకుపోవడం మామూలే. అదే ఇక్కడ దెబ్బ కొడుతుంది: 62 అంగుళాల చుట్టు నిడివిలో అయిదు వంతులంటే మూడంగుళాల పైమాట, అంటే పై జవాబులో చెప్పిన వదులంతా ఉతుకులోనే హరించుకుపోతుంది. టీషర్టు అంగుళమో, అంగుళంన్నరో పొట్టిదైతే ఎవరికీ పట్టదు. కాబట్టి ‘ప్రీ ష్రంక్’, అంటే ముందే కుదించినది, అని రాసి ఉన్నది చూసుకోండి, లేకపోతే చుట్టు నిడివిలో వదులుకని పైన చెప్పిన మూడు నాలుగు అంగుళాలకు మరో మూడు కలిపి కొనండి. చల్లని నీళ్లతో ఉతకండి, డ్రయర్ వేడి తగలనివ్వకండి. ఆరేసేటప్పుడు టోపీకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తే తడి బరువుకు మెడ సాగుతుంది, నడుము దగ్గర దండెం మీద మడతవేసి ఆరేయండి. టోపీ, జేబులు రెండు పొరలవి కనుక వానాకాలంలో అన్నీ ఆరాక కూడా అవి చెమ్మగానే ఉంటాయి, ముక్క వాసన అక్కడి నుంచే మొదలవుతుంది. టోపీని లోపలివైపు తిప్పి ఆరేస్తే త్వరగా ఆరుతుంది.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. టోపీకి పొడుగు నాడాలున్న రాంపర్ బహుమతిగా వచ్చింది. భద్రకాళి బండ్ మీదికి ఆడుకోవడానికి తీసుకుపోతాం. వేయవచ్చా?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: నాడాలు పూర్తిగా లాగేసిన తరువాత వేయండి. చిన్నపిల్లల బట్టల మెడ దగ్గర నాడాలు జారుడుబండల సందుల్లో, బస్సు తలుపుల్లో చిక్కుకుని ప్రాణాలు పోయిన ఘటనల వల్లనే అమెరికాలో 1997లో పిల్లల పైదుస్తుల నాడాలకు ఎ.ఎస్.టి.ఎం. అనే ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం తెచ్చింది, యూరప్ ప్రమాణం ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లల బట్టల టోపీకి, మెడకు నాడాలే ఉండకూడదు. నాడా తీసేశాక ఆ కన్నాలు కుట్టేయండి, లేకపోతే పాప వాటిలో వేలు పెట్టి చింపుతుంది. టోపీ మెడకు టిచ్ బటన్లతో అతికించి ఉంటే ఇంకా మేలు, ఎక్కడైనా పట్టుకుంటే అదే ఊడి వస్తుంది. టోపీ ఉన్నదాన్ని వేసి పడుకోబెట్టకండి.

పిల్లల రాంపర్ పొట్టిదవడం కాళ్ల దగ్గర కనిపించదు, నడుం పైనే జరుగుతుంది. పాప ఎత్తుకొమ్మని చేతులు చాపినప్పుడు భుజాల మీద గుడ్డ బిగుసుకుని ఎర్రని గీత పడుతుంటే ఆ బట్ట పని అయిపోయినట్టే, కాళ్లు ఇంకా సరిపోతున్నా సరే. కాళ్ల మధ్య టిచ్ బటన్లున్నవైతే అవి వాటంతటవే ఊడుతుండటం మొదటి సూచన.

ప్రశ్న: టోపీ రాంపర్ వేసుకుని స్కూటీ మీద కాలేజీకి, బస్సులో హైదరాబాద్‌కు వెళ్లవచ్చా?
— ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: స్కూటీ మీద టోపీని హెల్మెట్ కింద పెట్టకండి, హెల్మెట్ తలకు సరిగ్గా పట్టదు. వెనక వదిలేస్తే గాలికి నిండి మెడను వెనక్కి లాగుతుంది, కాబట్టి మెడ లోపలికి మడిచి పైన చున్నీ చుట్టుకోండి. నిక్కరు పొట్టిది కనుక ఎండలో నిలిపిన బండి సీటు తొడలను కాలుస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

బస్సు ప్రయాణానికి మాత్రం వద్దు. రాంపర్ వేసుకుని మరుగుదొడ్డికి వెళ్లాలంటే జిప్ కిందికి తీసి, చేతులు రెండూ బయటికి లాగి, పై భాగమంతా నడుము కిందికి దించాలి, అప్పుడు టోపీ, చేతులు తడినేల మీద పడతాయి. ఇంట్లోనైతే చేతులను నడుముకు ముడివేసి, టోపీని ఆ ముడిలోకి దోపి పని కానివ్వవచ్చు. బస్టాండులో, కొక్కెం కూడా లేని గదిలో, భుజాన సంచితో గొంతుకు కూర్చుని అది చేయడం నరకం. తప్పదనుకుంటే ముందు బటన్లున్నది కాక, నడుము దాటి కిందిదాకా జిప్ దిగేది ఎంచుకోండి.